పాలు పొంగే నెలలు – పసిబిడ్డల దగ్గు

(పాల ఉత్పత్తిదారుల సంఘాల సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



సహకార ఇన్‌స్పెక్టరు మైకు ముందుకు వస్తే ఏమి మాట్లాడతాడో మీకు తెలుసు. వాటా ధనం, ఆడిటు అభ్యంతరాలు, బకాయిలు, ఎన్నికలు. ఈ రోజు ఆ ఫైలు ఇంటివద్దే వదిలి వచ్చాము. పసిపిల్లల దగ్గు, ఆయాసం గురించి నాలుగు మాటలు చెప్పదలిచాము. మేము డాక్టర్లము కాము. సహకార డిప్లొమా చదివి ఉద్యోగంలో చేరి, జుట్టు నెరిసేదాకా మీ రిజిస్టర్లు తిరగేస్తున్న వాళ్ళము. చెప్పబోయే సంగతి కూడా మొదట రిజిస్టరులోనే కనబడింది.

కొన్ని సంవత్సరాల క్రిందట మార్గశిర మాసంలో ఒక సంఘం తనిఖీకి వెళ్ళాము. మన గేదెలు ఎక్కువగా వానాకాలం చివర ఈనుతాయి గనుక కార్తీకం నుంచి మాఘం వరకు పాల కేంద్రంలో క్యాన్లు చాలవు. మా ఆఫీసు భాషలో దీన్ని ఫ్లష్ సీజను అంటారు. రిజిస్టరులో ఎవరి వరుస చూసినా రెండు పూటలా అంకెలు నిండివున్నాయి. ఒక సభ్యురాలి వరుసలో మాత్రం తొమ్మిది రోజులు, అంటే పద్ధెనిమిది పూటలు, గడులు ఖాళీ. పాలు ప్రైవేటు వ్యానుకు పోస్తున్నదేమోనని మాకు అనుమానం కలిగింది. తనిఖీ నోట్‌లో "సదరు సభ్యురాలు క్రమంగా పాలు పోయడం లేదు, సంజాయిషీ తీసుకొనవలెను" అని వ్రాసి సంతకం చేశాము. టీ తాగి మోటారు సైకిలు ఎక్కబోతూ, మాటవరసకు కార్యదర్శిని అడిగాము. ఆయన మెల్లగా చెప్పాడు. "ఆమె పది నెలల పిల్ల ఆయాసంతో పోయిందండీ. ఆస్పత్రికి తీసుకువెళ్ళేసరికే ఆలస్యమయిందట."

మోటారు సైకిలు దిగి, ఆ కాగితం చించి, నోట్ మళ్ళీ వ్రాశాము. పదవ రోజున ఆమె మళ్ళీ పాలు పోసింది. లీటరున్నర, వెన్న శాతం ఆరున్నర. రిజిస్టరుకు తెలిసింది అంతే.

అప్పటినుంచి ఏ సంఘానికి వెళ్ళినా ఖాళీ గడులకు కారణం అడగడం అలవాటు చేసుకున్నాము. గేదె వట్టిపోయింది, పెళ్ళికి వెళ్ళారు, టెస్టరుతో మాట పట్టింపు వచ్చి మానేశారు – ఇలా కారణాలు రకరకాలు. ఇవి ఏడాది పొడుగునా వుంటాయి. "పిల్లకు బాగోలేదు" అన్న జవాబు మాత్రం ఏడాది పొడుగునా సమానంగా రాదు. శ్రావణ భాద్రపదాల ముసురులో ఒకసారి, మార్గశిర పుష్యాల చలిలో ఒకసారి గుంపుగా వస్తుంది. ఎండాకాలంలో తక్కువ. ఇది పరిశోధన అని మేము చెప్పుకోవడం లేదు. ఒక ఇన్‌స్పెక్టరు కంటికి ఆనిన సంగతి. అయితే డాక్టర్లు చెప్పేది కూడా దీనికి దగ్గరగానే వున్నది.

పసిపిల్లల జలుబు, దగ్గులలో చాలా భాగానికి వైరసులు కారణం. ఫ్లూ పేరు మీరు విన్నారు. వినని పేరు మరొకటి వుంది, ఆర్.ఎస్.వి. అంటారు. రెండేళ్ళు నిండేలోగా దాదాపు ప్రతి బిడ్డకూ ఇది ఒకసారైనా సోకుతుందట. పెద్దవాళ్ళకు వస్తే మామూలు జలుబుగా పోతుంది. నెలల బిడ్డకు వస్తే ఛాతీలోని సన్నని గొట్టాల దాకా దిగి వాపు పుట్టిస్తుంది. ఆ గొట్టాలు మొదలే దారమంత సన్నన. వాపు చేరితే గాలి ఆడక పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి.

చలిదేశాలలో ఈ వైరసులు శీతాకాలంలో విజృంభిస్తాయి. మన దేశం ఒక్క తీరుగా లేదు. శ్రీనగరులో ఫ్లూ చలికాలంలోనే వస్తుంది. ఢిల్లీ, పూణే, కలకత్తాలలో వానాకాలంలో హెచ్చుతుంది. చెన్నై, వెల్లూరు వైపు ఈశాన్య రుతుపవనాల వానలు పడే అక్టోబరు, నవంబరు నెలల్లో హెచ్చుతుంది. అంటే ఎక్కడి వాన ఎప్పుడో అక్కడి దగ్గు అప్పుడు అన్నమాట. ఆర్.ఎస్.వి. కూడా ఉత్తరాదిన చలిలోను, దక్షిణాదిన వానల్లోను ఎక్కువ. మన పల్లెల్లో వానలతో మొదలైన దగ్గులు ఆశ్వయుజం దాకా సాగి, ధనుర్మాసపు మంచు, పొగలతో మరొకసారి తిరగబెడతాయి.

వానలో తడిస్తేనే దగ్గు, చల్లగాలి తగిలితేనే ఆయాసం అని మన పెద్దలు అనుకునేవారు. మేమూ అలాగే అనుకున్నాము. గాలికంటే మనుషులే ముఖ్యమని ఇప్పుడు తెలుస్తున్నది. ముసురు పట్టినప్పుడు తలుపులు మూసి అందరం ఒకే గదిలో పడుకుంటాము. జూన్‌లో బడి తెరవగానే పెద్దపిల్ల బడినుంచి జలుబు తెస్తుంది, సాయంత్రానికి ఉయ్యాలలోని తమ్ముడిని ముద్దాడుతుంది. అంతే చాలు. 2020లో కోవిడు వచ్చి బడులు మూసి, మూతికి గుడ్డ కట్టుకున్నప్పుడు చాలా దేశాల్లో ఫ్లూ, ఆర్.ఎస్.వి. కనబడకుండా పోయాయి. మనుషులు తిరిగి కలవడం మొదలుపెట్టాక అమెరికాలో 2021 ఎండాకాలంలో, తన కాలం కాని కాలంలో, ఆర్.ఎస్.వి. తిరిగి వచ్చింది. చలే కారణమైతే ఎండల్లో ఎలా వస్తుంది?

అయిదేళ్ళ లోపు పిల్లకు ఏడాదిలో ఆరు నుంచి ఎనిమిది సార్లు జలుబు చేయడం మామూలే. నూటికి తొంభై వాటంతట అవే పోతాయని డాక్టర్లు ధైర్యం చెబుతారు. కొద్దిమందిలో మాత్రం జబ్బు ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. వైరసు దెబ్బతీసిన చోట బాక్టీరియా చేరడమూ వుంది. గాలి వుండవలసిన అరల్లో నీరు, చీము నిండుతాయి. అదే న్యుమోనియా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో ప్రపంచం మొత్తం మీద అయిదేళ్ళ లోపు పిల్లలు 7 లక్షల 40 వేల మంది దీనివల్ల చనిపోయారు. ఆ వయసులో పోయిన ప్రతి వందమందిలో 14 మందన్నమాట. చౌకైన మందుతో నయమయ్యే జబ్బు ఇది. సమయానికి గుర్తించడం ఒక్కటే కష్టం.

ఇక పాడి ఇంటి సంగతి. ఈ జబ్బుకు మన ఇళ్ళల్లో ప్రత్యేకంగా కొన్ని వసతులు చేసిపెట్టి వున్నాయి.

మొదటిది పొగ. 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల పథకం వచ్చాక గ్యాసు పొయ్యి చాలా ఇళ్ళకు చేరింది. అన్నం, కూర దానిమీదనే. కాని స్నానాల నీళ్ళు కాగడానికి, పశువులకు దాణా ఉడికించడానికి కట్టెల పొయ్యి, పిడకలు అలాగే వున్నాయి. ఎండాకాలంలో ఆ పొయ్యి పెరట్లో వుంటుంది, బాధ లేదు. వానలకు వసారాలోకి వస్తుంది. చలికి ఇంకా లోపలికి వస్తుంది. సాయంత్రం కొట్టంలో దోమలకు పిడకలు, వేపాకు వేసి పొగబెడతాము. పాలు పిండుతూ కంటి ఎదుట వుంటుందని బిడ్డ ఉయ్యాల ఆ కొట్టం చూరుకే కడతాము. గేదెకు దోమలు తప్పుతాయి, బిడ్డకు పొగ తప్పదు. తలంటి స్నానం చేయించి సాంబ్రాణి ధూపం వేయడం మన ఆచారం. వాసన మంచిదే, పొగ మాత్రం పొగే. పొగ తగిలిన ఊపిరితిత్తిలో వైరసు తేలికగా పాతుకుంటుంది. పక్కన కూర్చుని తాత తాగే చుట్ట కూడా ఈ పద్దులోనే జమ. భోగి నాడు పాత టైర్లు తెచ్చి మంటలో వేసే యువకులకు మేము చెప్పినా వినడం లేదు, మీరైనా చెప్పి చూడండి.

దూడల విషయంలో మన రైతులు చాలా తెలివిగా వుంటారు. చలికాలం దూడకు కూడా ఊపిరితిత్తుల జబ్బు వస్తుందని తెలిసి, గాలి వీచే వైపు గోనె పట్టాలు కడతారు. పైభాగం మాత్రం వదిలేస్తారు, మూత్రం ఘాటు బయటికి పోవాలని పశువైద్యుడు చెప్పాడు గనుక. పొడి గడ్డి పరుస్తారు. అదే ఇంట్లో బిడ్డ పడుకున్న గదికి కిటికీ మూసి, సందుల్లో గుడ్డలు కుక్కుతారు. దూడకిచ్చిన గాలి బిడ్డకు కూడా ఇవ్వండి.

రెండవది పొగకంటే పెద్దది. దానికి పేరు పెట్టాలంటే "ఒక పూట" అని పెట్టాలి.

పాలు పొంగే నెలలు, దగ్గు నెలలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయని చెప్పాము. ఆ నెలల్లోనే ఆడవాళ్ళకు చేతినిండా పని. తెల్లవారుజామున నాలుగింటికి లేవాలి, కొట్టం ఊడ్వాలి, పిండాలి, వ్యాను వచ్చేలోగా కేంద్రానికి చేర్చాలి. సాయంత్రం మళ్ళీ అదే వరుస. మధ్యలో వరికోతలు, పత్తి తీతలు. గేదె సంగతి మీకు మేము చెప్పాలా? అలవాటైన చేతికి తప్ప పరాయి చేతికి చేపదు. ఒక పూట పిండకపోతే పొదుగు గట్టిపడుతుంది, పొదుగువాపు వస్తుందేమోనన్న భయం. అందుచేత బిడ్డకు ఆయాసంగా వుందని తల్లికి మధ్యాహ్నమే తెలిసినా, "ఈ పూట పాలు పిండి, పోసి, రాత్రికి వెళదాం" అనుకుంటుంది. రాత్రికి బస్సు వుండదు. "పొద్దున్న పాలు పిండాక వెళదాం" అవుతుంది. రెండు పూటలు గడుస్తాయి. నెలల బిడ్డకు న్యుమోనియా ముదరడానికి అంతకంటే ఎక్కువ కాలం అక్కరలేదు. ఆ సభ్యురాలు కూడా అలాగే ఆగిందని తరువాత కార్యదర్శి వలన తెలిసింది. ఆమె అజాగ్రత్త మనిషి కాదు. ఇంటికి ఆధారమైన గేదెను కాపాడుకుంటున్నది.

ఇతరులను అన్నాము గనుక మా ఇంటి సంగతి కూడా చెప్పుకోవడం న్యాయం. మా అమ్మాయి అత్తవారిది పాడి ఇల్లు, రెండు గేదెలు. మనుమడికి అప్పుడు ఏడవ నెల. మూడు రోజులుగా దగ్గుతున్నాడని, పాలు సరిగా తాగడం లేదని అమ్మాయి ఫోను చేసింది. "చలికాలం జలుబే తల్లీ, కంగారు పడకు, నువ్వు కూడా చిన్నప్పుడు ఇలాగే దగ్గేదానివి" అన్నాము. అప్పటికి ఆ సభ్యురాలి సంగతి జరిగి రెండేళ్ళు దాటింది. ఎన్నో సంఘాల్లో కారణాలు అడిగిన మేము, మా ఇంటి బిడ్డ దగ్గరకు వచ్చేసరికి చొక్కా ఎత్తి చూడమని కూడా చెప్పలేదు. ఊళ్ళో వైద్యం చేసే ఆయన కూడా చొక్కా ఎత్తకుండానే ఒక సిరపు ఇచ్చి పంపాడట. సాయంత్రం అమ్మాయి పాలు పిండబోతూ వుండగా ఆశా కార్యకర్త వేరే పనిమీద వచ్చింది. బిడ్డను ఒడిలో పడుకోబెట్టించి, చొక్కా పైకెత్తి, చేతి గడియారం చూస్తూ ఊపిరి లెక్కపెట్టింది. అరవై నాలుగు. డొక్కలు లోపలికి పోతున్నాయి. వెంటనే 108కి ఫోను చేసింది. ఆ పూట గేదెలు పిండనే లేదు. ఆస్పత్రిలో ఆక్సిజను పెట్టి ఆరు రోజులు వుంచారు. ఇప్పుడు వాడు బడికి వెళుతున్నాడు, అల్లరికి లోటు లేదు. మా మాట విని మా అమ్మాయి ఆ రాత్రికి ఆగివుంటే ఏమయ్యేదో మేము ఆలోచించదలచుకోలేదు. ఆలోచన మాత్రం వస్తూనే వుంటుంది.

ఆ ఆశా కార్యకర్త చేసిన పని ఏమిటి? మన పాల కేంద్రంలో టెస్టరు చేసే పనే. మేము ఉద్యోగంలో చేరిన రోజుల్లో గెర్బరు పద్ధతిలో గాజు గొట్టాలలో ఆమ్లం పోసి వెన్న శాతం తీసేవారు. ఇప్పుడు ఎనలైజరు మిషను క్షణాల్లో చెబుతుంది. పద్ధతి ఏదైనా, "చిక్కగా వున్నాయి, నా పాలలో ఏడు శాతం వుంటుంది" అని సభ్యుడు చూపుతో చెప్పిన అంకె మనం వేసుకోము. కొలిచిన అంకె వేసుకుంటాము. దగ్గు కూడా అంతే. దగ్గు ఎంత గట్టిగా వుంది, ఛాతీలో గురగుర ఎంత వినబడుతున్నది అన్నది కొలత కాదు. పెద్దగా దగ్గే బిడ్డ క్షేమంగా వుండవచ్చు, దగ్గే ఓపిక కూడా లేని బిడ్డ ప్రమాదంలో వుండవచ్చు. కొలత ఊపిరి. ఊపిరితిత్తి నిండిపోతే గాలి చాలక బిడ్డ గబగబ పీలుస్తుంది. ఆ వేగాన్ని లెక్కపెట్టవచ్చు.

ఎలా లెక్కపెట్టాలి? బిడ్డ నెమ్మదిగా వున్నప్పుడు చూడాలి. ఏడుస్తున్నప్పుడు, పాలు తాగుతున్నప్పుడు పనికిరాదు. నిద్రలో వుంటే మరీ మంచిది. చొక్కా పైకెత్తి పొట్ట, ఛాతీ కదలిక చూడాలి. ఒకసారి పైకి లేచి దిగితే ఒకటి. పూర్తిగా ఒక నిమిషం, అరవై సెకన్లు లెక్కపెట్టాలి. పదిహేను సెకన్లు చూసి నాలుగుతో హెచ్చించే తెలివి ఇక్కడ వద్దు. పసిబిడ్డ ఊపిరి ఒక్క తీరున వుండదు, కాసేపు వేగంగా, కాసేపు నిదానంగా నడుస్తుంది. సెకన్ల ముల్లున్న గడియారం చాలు, ఫోనులోని గడియారమైనా చాలు.

రెండు నెలలు నిండని బిడ్డకు నిమిషానికి 60 గాని, అంతకు మించి గాని వుంటే ప్రమాదం. ఈ వయసులో మరొకసారి లెక్కపెట్టి నిర్ధారించుకోవాలి, నిజమైతే క్షణం ఆగకూడదు. రెండు నెలలనుంచి ఏడాది లోపు బిడ్డకు 50. ఏడాదినుంచి అయిదేళ్ళ లోపు పిల్లకు 40. అరవై, యాభై, నలభై. ఈ మూడు అంకెలు వెన్న శాతం ధరల పట్టీ పక్కనే గోడమీద వ్రాయించండి.

లెక్క రానివాళ్ళ సంగతేమిటని మీరు అడగవచ్చు. కాళేశ్వరం దగ్గర నది దాటితే అవతల సిరొంచ, అది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. ఆ వైపు మన తెలుగువారు కూడా చాలామంది వున్నారు. ఆ జిల్లాలో డాక్టరు అభయ్ బంగ్, డాక్టరు రాణీ బంగ్ దంపతులు 1980ల చివర ఒక ప్రయత్నం చేశారు. పల్లెల్లోని ఆరోగ్య కార్యకర్తలకు, మంత్రసానులకు ఊపిరి లెక్కపెట్టడం, మాత్రలు ఇవ్వడం నేర్పించారు. ఆ ఫలితాలు 1990లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చాయి. వైద్యం అందిన పిల్లల్లో న్యుమోనియా మరణాలు నూటికి ఒకటి కూడా లేవు. ఆ ప్రయత్నం జరగని పక్క గ్రామాల్లో నూటికి పదమూడుకు పైగా వున్నాయి. అంకెలు రాని మంత్రసానుల కోసం ఇసుక గడియారం, పూసలు అమర్చిన చిన్న పరికరం కూడా తయారు చేశారు. ఇసుక జారేలోగా పూసలు ఎంతవరకు జరిగాయో చూస్తే చాలు. వారు చేయగలిగింది మన సభ్యులు చేయలేరా? నిమిషానికి ఎన్ని ధారలు పడుతున్నాయో చెవితో చెప్పగల చేతులు మీవి!

అంకె చూడకుండానే బయలుదేరవలసిన గుర్తులు కొన్ని వున్నాయి. ఊపిరి పీల్చినప్పుడు పక్కటెముకల కింది భాగం లోపలికి పోవడం, అంటే మనవాళ్ళు డొక్కలెగరేయడం అంటారు చూడండి, అది. బిడ్డ చన్ను పట్టకపోవడం, తాగినదంతా కక్కేయడం. లేపినా లేవని మగత. ఫిట్సు. నెమ్మదిగా వున్నప్పుడు కూడా గొంతులో గరగర శబ్దం. పెదవులు నీలం కావడం. రెండు నెలల లోపు బిడ్డకు ఒళ్ళు కాలినా ప్రమాదమే, చల్లబడినా ప్రమాదమే. వీటిలో ఏ ఒక్కటి కనబడినా గేదె సంగతి మరిచిపోయి 108కి ఫోను చేయండి. ఇవేవీ లేకుండా ఊపిరి వేగం ఒక్కటే వుంటే, అదే రోజు ఆశా కార్యకర్తకు గాని, ఆరోగ్య కేంద్రంలో గాని చూపించండి. డాక్టరు ఇచ్చిన మందు, తగ్గినట్టు కనబడినా చెప్పినన్ని రోజులూ వేయాలి. దగ్గు రెండు వారాలు దాటితే, వేగం లేకపోయినా చూపించవలసిందే.

చేయకూడనివి చెప్పకపోతే ప్రసంగం సగమే అవుతుంది. స్నానం చేయించి ముక్కులో నూనె చుక్కలు, ఆముదం వేయడం మానండి. ఆ నూనె జారి ఊపిరితిత్తుల్లోకి పోతుంది, దానివల్లనే ఒక రకం న్యుమోనియా వస్తుంది. డొక్కలెగరేస్తున్న బిడ్డ పొట్టమీద వాతలు పెట్టడం కొన్నిచోట్ల ఇంకా వుందని విన్నాము. ఆ బాధను గురించి మేము చెప్పలేము. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించవద్దు. దగ్గు సిరపుల విషయం మరీ ముఖ్యం. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో విషపదార్థం కలిసిన దగ్గు సిరపు తాగి, మూత్రపిండాలు చెడి, ఇరవై మందికి పైగా పిల్లలు చనిపోయారు. అది కూడా మామూలు దగ్గు, జ్వరాలకు ఇచ్చిన మందే. రెండేళ్ళ లోపు పిల్లలకు దగ్గు, జలుబు సిరపులు ఇవ్వవద్దని, అయిదేళ్ళ లోపు వారికి సాధారణంగా అక్కరలేదని కేంద్ర ఆరోగ్య శాఖ ఆ అక్టోబరులోనే తెలిపింది. మామూలు జలుబుకు తల్లిపాలు మరిన్ని సార్లు ఇవ్వడం, ముక్కు శుభ్రం చేయడం, ఒంటికి ఆనించి వెచ్చగా వుంచడం చాలు. ఆరు నెలల లోపు బిడ్డకు తల్లిపాలు తప్ప మరేమీ వద్దు. మన సంఘం పాలు ఎంత మంచివైనా ఆ వయసుకు పనికిరావు. పాల సంఘం వేదికమీద ఈ మాట అన్నందుకు సమాఖ్యవారు మమ్మల్ని మన్నింతురు గాక.

టీకాల సంగతి క్లుప్తంగా చెబుతాము. ఆరు, పది, పద్నాలుగు వారాలకు వేసే పెంటావాలెంటు టీకాలో కోరింత దగ్గు, కంఠసర్పిలతోపాటు ఒక రకం న్యుమోనియాకు కూడా రక్షణ వుంది. న్యుమోకాకల్ టీకా 2017లో కొన్ని రాష్ట్రాల్లో మొదలై 2021లో దేశమంతటికీ విస్తరించింది. ఇది ఆరు వారాలకు, పద్నాలుగు వారాలకు, తొమ్మిదో నెలలో వేస్తారు. తట్టు టీకా కూడా తొమ్మిదో నెలలోనే మొదలు, ఎందుకంటే తట్టు వెనుకనే న్యుమోనియా వస్తుంది. అన్నీ ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. తొమ్మిదో నెల టీకా చాలామంది మరిచిపోతారు. గేదె చూడి కట్టిన తేదీ గుర్తుంచుకునే ఇంట్లో ఇది మరవడం బాగులేదు.

ఇక సంఘం ఏమి చేయాలి? ఇక్కడ మాత్రం మేము ఇన్‌స్పెక్టరుగానే మాట్లాడతాము.

ఫ్లష్ సీజను వస్తున్నదని ముందే తెలిసి మనం క్యాన్లు, ఐసు, రెండవ వ్యాను సిద్ధం చేస్తాము. దగ్గు నెలలు కూడా ముందే తెలుసు. కనుక ఆషాఢంలో జరిగే పాలకవర్గ సమావేశంలోనే ఈ విషయం ఎజెండాలో పెట్టండి. ప్రతి పది పాడి ఇళ్ళకు, ఒకరి గేదెను మరొకరు పిండగల జోడీని ఏర్పాటు చేసుకోండి. కష్టం వచ్చిన రోజున కొత్త చెయ్యి వెళితే గేదె చేపదు. వానలకు ముందే, పాలు తక్కువగా వున్న రోజుల్లోనే, వారానికి ఒక పూట ఆ పొరుగు చెయ్యి అలవాటు చేస్తే తప్పక చేపుతుంది. రెండు సంఘాలలో మహిళా సభ్యులు ఇలా చేయడం మేము చూశాము. మొదట్లో గేదె తన్నింది, పాలు ఒలికాయి, నవ్వుకున్నారు. తరువాత కుదిరింది.

ఏడాదిలో ఇన్ని రోజులు పాలు పోస్తేనే ఓటు, బోనసు అని బైలాలో వుంటుంది. బిడ్డ ఆస్పత్రిలో వున్న రోజులు లోటుగా లెక్కించి ఎవరి హక్కునూ తగ్గించవద్దు. బైలా ఏమి అనుమతిస్తుందో చూసి, సందేహం వుంటే సర్వసభ్య సమావేశంలో చర్చించి, మాకు వ్రాయండి. సంజాయిషీ అడిగే ముందు కారణం అడగండి. ఆ తప్పు మేము ఒకసారి చేశాము, మీరు చేయవద్దు. ఆస్పత్రి ప్రయాణానికి బిల్లు మీద అడ్వాన్సు అడిగిన సభ్యురాలికి, కార్యదర్శి తన అధికార పరిధిలో వెంటనే ఇవ్వాలి. పాలకవర్గం కూడేదాకా ఆగమనడం ఆ సందర్భంలో తగదు. ఎంత మొత్తం వరకు ఇవ్వవచ్చో ముందే తీర్మానం చేసి మినిట్స్ పుస్తకంలో వ్రాసుకుంటే ఆడిటులో మేము అభ్యంతరం పెట్టము.

పొద్దున పాలు పోయడానికి వచ్చిన వరుసలో ఒడిలో బిడ్డతో నిలుచున్న తల్లులు రోజూ వుంటారు. ఆశా కార్యకర్తను వారానికి ఒక రోజు ఆ సమయానికి రమ్మనండి. వరుసలో వున్నంతసేపట్లో ఒక నిమిషం లెక్కపెట్టడం అందరికీ వచ్చేస్తుంది. టెస్టరుకు కూడా నేర్పండి. కేంద్రం గోడకు సెకన్ల ముల్లున్న పెద్ద గడియారం ఒకటి కొనండి. ఇది వృథా ఖర్చు కాదు, పాల వ్యాను ఆలస్యాన్ని పట్టుకోవడానికి కూడా పనికివస్తుంది. సంఘం సాధారణ ఖర్చుల పద్దులో వేసుకోవచ్చు. కొన్న రశీదు, వోచరు ఫైలులో జతపరచడం మాత్రం మరవవద్దు. ఈసారి తనిఖీకి వచ్చినప్పుడు ముందు గడియారం చూస్తాము, తరువాత వోచరు అడుగుతాము.